ప్లస్ తొమ్మిదిలో ఉండి ఓడిపోవడం: నా అనుభవం

చదరంగంలో ఓడిపోవాల్సిన ఆట ఓడిపోతే నాకేం బాధ ఉండదు. ఎదుటివాడు నాకంటే బాగా ఆడాడు, దెబ్బ కొట్టాడు, అయిపోయింది, ఫోన్ జేబులో పెట్టుకుని పని చూసుకుంటాను. నిద్ర పట్టనివ్వనిది వేరే రకం ఓటమి. నాకు ఏనుగు ఎక్కువ ఉంటుంది, పైగా రెండు బంట్లు ఎక్కువ, వాడి రాజు ఎటూ పోలేక మూలకు చేరి ఉంటాడు, పక్కన గడియారం చూస్తే నాకు 9 సెకన్లు, వాడికి 20. ఆ తర్వాత జరిగేవి రెండే. టైమ్ అయిపోతుంది, లేదంటే టైమ్ అయిపోతుందన్న కంగారులో మంత్రిని తీసుకెళ్లి సరిగ్గా స్టేల్‌మేట్ అయ్యే గడిలోనే పెడతాను, అంటే వాడికి చెక్ ఉండదు, కదలడానికి గడీ ఉండదు, ఆట డ్రా. లారీ నిండా వడ్లు తెచ్చి మిల్లు గేటు దగ్గర బోల్తా కొట్టించినట్టు ఉంటుంది. ఇంట్లో చెప్పుకుందామంటే ఎవరికీ అర్థం కాదు. "గెలిచే ఆట అంటున్నవ్, మరి ఓడినవెందుకు?" అని మా ఆవిడ అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు, అందుకని ఇంకా కోపం వస్తుంది.

మాది నల్లగొండ. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దున బస్సెక్కితే తిప్పర్తి వచ్చేలోపు రెండు మూడు గేమ్‌లు అవుతాయి, మిల్లులో కాంటా దగ్గర లారీ ఎక్కి దిగేలోపు ఇంకొకటి. 3+0 ఆడేవాణ్ణి, అంటే ఒక్కొక్కరికి 3 నిమిషాలు, ఎత్తు వేసినందుకు అదనంగా ఒక్క సెకను కూడా కలవదు. ఇద్దరిదీ కలిపి ఎంత లాగినా 6 నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి నాలాంటి ఉద్యోగానికి సరిగ్గా సరిపోతుంది అనుకునేవాణ్ణి. యాసంగి వడ్లు దిగే రోజుల్లో, సీఎంఆర్ (ప్రభుత్వ వడ్లు ఆడించి బియ్యం ఇవ్వడం) లెక్కలు, ట్రక్ షీట్లు, హమాలీల కూలి పట్టీ అన్నీ ఒకేసారి మీద పడే రోజుల్లో కూడా ఈ ఆట మానలేదు. మానాల్సింది, అది వేరే సంగతి.

నా ఆట మొదట్లో, మధ్యలో ఫర్వాలేదు. ఓపెనింగ్ ఏదో ఒకటి తెలుసు, చిన్న చిన్న ఎత్తుగడలు కనబడతాయి, ఎదుటివాడి గుర్రమో బిషప్పో ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడి నుంచే అసలు కథ. గేమ్ అయ్యాక కంప్యూటర్ విశ్లేషణ పెట్టి చూస్తే నేనెంత ముందున్నానో చూపించే గీత ప్లస్ 4, ప్లస్ 6, ప్లస్ 9 అని పైకి పోతూ ఉంటుంది, చివర్లో ఒక్కసారి నిలువునా కిందికి పడుతుంది. ఆ గీత చూసినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. మండిన వెంటనే ఇంకో గేమ్ నొక్కుతాం కదా, అది ఇంకా ఘోరంగా పోతుంది, రేటింగ్ ఒక్క సాయంత్రంలో ఎంత దిగాలో అంత దిగుతుంది. ఇలాంటి కొద్ది నిమిషాల ఆటను బ్లిట్జ్ అంటారు, అది ఆడేవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

పోయిన ఆటల్లో కొన్ని రకాలు బాగా గుర్తున్నాయి. ఒకటి, నాకు మంత్రి ఉంది, వాడికి ఒట్టి రాజు. బోర్డు నిలువు వరుసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు ఉంటాయి కదా, వాడి రాజు హెచ్8 మూలలో ఉన్నాడు, నేను మంత్రిని జీ6లో పెట్టాను. వాడికి జీ8 లేదు, జీ7 లేదు, హెచ్7 లేదు, చెక్ కూడా లేదు. డ్రా. నా రాజు ఎక్కడున్నా సరే, ఆ ఒక్క మంత్రే అన్ని దారులూ మూసేస్తుంది. ఇంకోటి, నాకు హెచ్ బంటు, తెల్ల గళ్ళలో తిరిగే బిషప్, అంటే ఒక పీసు, ఒక బంటు ఎక్కువ. చూసిన ఎవడైనా గెలిచావంటాడు. కానీ హెచ్8 నల్ల గడి. వాడి రాజు ఆ మూలకు చేరి కూర్చుంటే నా బిషప్ వాణ్ణి జీవితంలో అక్కడి నుంచి లేపలేదు. వాడికి అది తెలుసు. తన చివరి గుర్రాన్ని కావాలనే నా చివరి మంచి బంటుకు ఇచ్చేసి, నింపాదిగా రాజును తీసుకుని మూలకు పోయాడు. నేనైతే గుర్రం ఉత్తగా దొరికిందని సంబరపడ్డాను.

ఇంకో రకం ప్రీమూవ్‌తో వచ్చింది. ఆన్‌లైన్‌లో ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు పెట్టేయొచ్చు, టైమ్ దాదాపు ఖర్చు కాదు. బంటును చివరి గడికి తోయడానికి ముందే నొక్కి పెట్టాను, వాడేమో ఆ గడి మీదికి తన ఏనుగు చూపు పడేలా ఆడాడు. నా బంటు పోయి మంత్రి అయింది, అయిన మరుక్షణం వాడి ఏనుగు దాన్ని తినేసింది. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, నా ఫోన్‌లో ఈ గేమ్ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మామా, ప్రీమూవ్ అనేది ఓడిపోయేటోడు పెట్టాలె, గెలిచేటోడికి ఎందుకు?" అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది కానీ వాడు చెప్పిందాంట్లో విషయం ఉంది.

మొదట నేను పట్టుకున్న దారి అందరూ పట్టుకునేదే. ఎండ్‌గేమ్ (కొద్ది పీసులే మిగిలే ఆట చివరి దశ) వీడియోలు చూశాను, ఒక లావుపాటి పుస్తకం కొన్నాను. ఏనుగు ఎండింగుల్లో లూసెనా పొజిషన్ అంటారు, మన బంటు ఏడో వరుసలో, రాజు దాని ముందు ఎనిమిదో వరుసలో ఇరుక్కుని ఉంటాడు, వాడి రాజును మన ఏనుగు పక్క వరుసకు తరిమి ఉంచుతుంది. అప్పుడు ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి పెట్టుకుని రాజును బయటికి తీయాలి, వాడు చెక్కులు ఇస్తూ పోతే చివరికి మన ఏనుగు అడ్డం వచ్చి చెక్ ఆపుతుంది, దాన్నే వంతెన కట్టడం అంటారు. దీనికి ఎదురుగా ఫిలిడోర్ పొజిషన్, అది ఓడేవాడి ఆయుధం, ఏనుగును తన వైపు నుంచి మూడో వరుసలో ఉంచి ఎదుటి రాజును ముందుకు రానివ్వకపోవడం, బంటు ఆ వరుసలోకి అడుగుపెట్టగానే వెనక్కి పోయి దూరం నుంచి చెక్కులు ఇస్తూ ఉండటం. ఇవన్నీ చదివాను. నోటికి వచ్చేశాయి. అడిగితే మా మిల్లు వాచ్‌మన్‌కు కూడా వివరించి చెప్పగలను.

8 సెకన్లు ఉన్నప్పుడు మాత్రం ఒక్కటీ రాలేదు. వంతెన గుర్తొచ్చేది, ఏనుగు నాలుగో వరుసకా ఐదో వరుసకా అన్న దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఆ ఒక్క ఆగడానికే 5 సెకన్లు.

అప్పుడు నాకు తెలిసిన పని చేశాను, అంటే లెక్క రాయడం. మిల్లులో వాడని ఒక పాత ఖాతా పుస్తకం తీసి, గెలవాల్సింది పోయిన ప్రతి ఆటకు ఒక వరుస రాశాను. ఎన్నో ఎత్తు దగ్గర నేను ముందుకొచ్చాను, అప్పుడు గడియారంలో ఎంత ఉంది, ఎండింగ్‌లోకి వచ్చేసరికి ఎంత మిగిలింది, చివరికి ఎలా పోయింది. నాకు టెక్నిక్ రాకపోవడం వల్ల పోతున్నాయని అనుకుంటూ ఉన్నాను కదా, పుస్తకం చూస్తే వేరే తేలింది. టైమ్ ఎండింగ్‌లో పోలేదు. అంతకుముందే పోయింది. పీసు గెలిచాక, ఆట అప్పటికే నా చేతిలోకి వచ్చాక, ఇంకేదైనా దొరుకుతుందేమో, ఇక్కడే మాట్ (రాజు తప్పించుకోలేని చెక్) ఉందేమో అని వెతుకుతూ ఒక్కో ఎత్తుకు 15, 20 సెకన్లు కూర్చున్నాను. 3 నిమిషాలంటే 180 సెకన్లు. ఆట 60 ఎత్తులు సాగితే ఎత్తుకు 3 సెకన్లే వస్తాయి. ముందున్నవాడు ఆట ముగించాలి కాబట్టి వాడికే ఎక్కువ ఎత్తులు కావాలి, ఎక్కువ టైమ్ కావాలి. నేనేమో సమానంగా ఉన్నప్పుడు చకచకా ఆడి, గెలిచే దశలో సోకులకు పోయి ఆ టైమ్ అంతా తగలేస్తున్నాను.

రెండోది కూడా ఆ పుస్తకంలోనే బయటపడింది, నా దృష్టిలో ఇదే పెద్దది. విశ్లేషణలో కంప్యూటర్ చూపించే మంచి ఎత్తునే మంచి ఎత్తు అనుకుని నేర్చుకుంటున్నాను. ఒక ఆటలో నాకు ఏనుగు, మూడు బంట్లు, వాడికి బిషప్, రెండు బంట్లు. కంప్యూటర్ ఏమంటుందంటే ఏనుగును అలాగే ఉంచుకుని రాజును నడిపించుకుంటూ పోయి వాడి బంట్లు ఒక్కొక్కటే కోసుకోమంటుంది, ప్లస్ 9. దానికి మూడో ఎంపికగా ఇంకోటి చూపించింది, ఏనుగుతో ఆ బిషప్‌ను తినేయడం. వాడు రాజుతో ఏనుగును తింటాడు, అంతే, రాజులూ బంట్లూ మిగిలాయి, వాడి రాజు నా 'ఏ' వరుస బంటు చదరానికి బయట ఉన్నాడు. బంటు నుంచి చివరి వరుస దాకా ఎన్ని గళ్ళో పక్కకు కూడా అన్ని గళ్ళు తీసుకుని చదరం గీస్తే, ఎదుటి రాజు తన ఎత్తులో దాంట్లోకి అడుగు పెట్టలేకపోతే బంటును ఇక ఎవరూ పట్టుకోలేరు. అంటే ఆ తర్వాత నేను ఆలోచించాల్సింది ఏమీ లేదు, బంటును తోయడమే, కళ్ళు మూసుకుని తోయొచ్చు. కంప్యూటర్‌కు అలుపు లేదు, టెన్షన్ లేదు, గడియారం చూడదు, అందుకే అది మొదటి దారి చెబుతుంది. 8 సెకన్లు ఉన్నవాడికి మంచి ఎత్తు అంటే దాని తర్వాత ఆలోచించే పని మిగలని ఎత్తు. ఇది ఎక్కడా ఎవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. వీడియోల్లో చెప్పేవాళ్ళు కూడా కంప్యూటర్ పక్కన పెట్టుకునే చెబుతారు, ఏం చేస్తారు.

నల్లగొండలో రామగిరి వైపు మాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్కల సారు ఉన్నారు. ఆదివారం పొద్దున ఆయన వరండాలో బోర్డు పరుస్తారు. ఫోన్‌లో ఆడరు, ఫోన్ చెస్ అంటేనే ఆయనకు పడదు. ఆయన దగ్గర పాత కీ ఇచ్చే గడియారం ఉంది, రెండు ముఖాలది, ముల్లు 12 దగ్గరికి వస్తుంటే చిన్న ఎర్ర జెండా లేస్తుంది, టక్కున పడుతుంది. నేను నా ఖాతా పుస్తకం తీసుకెళ్లి చూపించాను. ఆయన ఒక్క పేజీ కూడా తిప్పలేదు. బోర్డు మీద తెల్ల రాజు, తెల్ల ఏనుగు, నల్ల రాజు, మూడే పెట్టారు.

"మాట్ చెయ్యి. ఒక్క నిమిషం పెడుతున్న."

"సార్, ఇది అందరికీ వచ్చు."

"అందరి సంగతి నాకెందుకయ్యా, నువ్వు చెయ్యి."

ఏ పొజిషన్ నుంచైనా సరిగ్గా ఆడితే 16 ఎత్తుల్లోపు మాట్ అయ్యేది అది. నిమిషంలో 16 ఎత్తులు ఎంతసేపు? నా జెండా పడింది. చెక్కులు ఇస్తూ రాజును బోర్డంతా తరుముతున్నాను, వాడు మళ్ళీ నడి బోర్డుకే వస్తున్నాడు. ఫోన్‌లో ఇదే పొజిషన్ ఎన్నోసార్లు గెలిచాను కాబట్టి నాకు వచ్చనుకున్నాను. అక్కడ వాళ్ళు మధ్యలోనే ఓటమి ఒప్పుకుని రిజైన్ చేసేవాళ్ళు మరి.

ఆయన నేర్పింది చాలా మామూలు పద్ధతి. ఏనుగుతో రాజు చుట్టూ ఒక పెట్టె గీయాలి, చెక్ ఇవ్వకూడదు. పెట్టెను చిన్నది చేయగలిగితే చెయ్యి, లేకపోతే మన రాజును ఒక అడుగు దగ్గరికి తీసుకురా, అదీ కాకపోతే ఏనుగును అదే వరుసలో ఒక గడి జరిపి వాడి వంతు వాడికి ఇచ్చెయ్. రాజులిద్దరూ ఒక గడి ఎడంలో ఎదురెదురుగా నిలబడినప్పుడే చెక్, అప్పుడు వాడు ఒక వరుస వెనక్కి పోక తప్పదు. అంతే. ఇది చదివితే అర నిమిషం. చేతికి రావడానికి మాత్రం చాలా ఆదివారాలు పట్టింది, ఎందుకంటే ఆయన నిమిషం నుంచి 40 సెకన్లకు, 40 నుంచి 30కి దించుకుంటూ పోయారు. కొన్నిసార్లు మధ్యలో మాట్లాడించేవారు, వడ్ల రేటు ఎంతుంది, ఈసారి సాగర్ నీళ్ళు ఎప్పుడు వదులుతరు అని అడుగుతూ ఉండేవారు, నేను జవాబు చెబుతూనే ఆడాలి. మొదట్లో ఇదేం గోల అనిపించింది. తర్వాత అర్థమైంది, బుర్ర వేరే పనిలో ఉన్నా చెయ్యి ఆడగలిగితేనే అది వచ్చినట్టు.

మంత్రితో మాట్ కూడా అలాగే. మంత్రిని వాడి రాజుకు గుర్రం ఎత్తు దూరంలో పెట్టాలి, వాడు ఎటు ఒక అడుగు వేస్తే మంత్రి కూడా అటే ఒక అడుగు. వాడు తనంతట తానే మూలకు పోతాడు. మూలకు చేరగానే అనుకరించడం ఆపేయాలి, ఇంకొక్క అడుగు వేశామా, నాకు జరిగిన హెచ్8, జీ6 కథే. వాడికి అటూ ఇటూ ఊగడానికి రెండు గళ్ళు వదిలిపెట్టి మన రాజును నడిపించుకు రావాలి. ఇది తెలిశాక మంత్రి స్టేల్‌మేట్‌లు బాగా తగ్గాయి. సారైతే ఇంకో మాట కూడా అన్నారు. టైమ్ లేనప్పుడు బంటును మంత్రి చేయకు, ఏనుగు చెయ్యి. ఏనుగుతో పొరపాటున స్టేల్‌మేట్ అయ్యే గళ్ళు తక్కువ, పద్ధతి ఎలాగూ చేతికి వచ్చింది. అప్పటికే ఇంకో ఏనుగు ఉంటే ఇంకా సుఖం, రెండు ఏనుగులు ఒకదాని తర్వాత ఒకటి మెట్లెక్కుతూ పోతే రాజుతో పనే లేదు. "గెలిచిన ఆటల తెలివితేటలు ఎందుకయ్యా" అనేది ఆయన ఊతపదం. ఫోన్‌లో ఏనుగుగా మారిస్తే ఎదుటివాడు వెక్కిరిస్తున్నావనుకుంటాడు. అనుకోనీ.

గడియారానికి సంబంధించిన రూల్ ఒకటి చాలామందికి తెలియదు, తెలిసినా ఆట మధ్యలో వాడరు. నా టైమ్ అయిపోయినప్పుడు ఎదుటివాడి దగ్గర ఒట్టి రాజు మాత్రమే ఉంటే నేను ఓడినట్టు కాదు, డ్రా. కాబట్టి 5 సెకన్లు ఉండి, మాట్ అయ్యేది కష్టం అనిపిస్తే మొదట చేయాల్సిన పని వాడి చివరి బంటును తినేయడం. అర పాయింటు జేబులో పడుతుంది, ఆ తర్వాత మాట్ కోసం ఎంత తొందరపడినా నష్టం లేదు. వాడికి గుర్రం మిగిలిందనుకోండి, నా దగ్గర ఒక బంటు ఉందనుకోండి, అప్పుడు ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమం ప్రకారం నేను ఓడిపోయినట్టే, ఎందుకంటే ఎంత అడ్డదిడ్డంగా అయినా సరే రూల్ ప్రకారం సాగే ఏదో ఒక ఎత్తుల వరుసలో నాకు మాట్ అయ్యే వీలుంది. కొన్ని యాప్‌లలో దీనికి లెక్క వేరేగా ఉంటుంది, ఆడే చోటి రూల్ చూసుకోవాలి.

ఇక బోర్డు మీద టోర్నమెంట్ అనేది పూర్తిగా వేరే ప్రపంచం. చేతికి పద్ధతులు కాస్త వచ్చాయన్న ధైర్యంతో ఒక ఫంక్షన్ హాల్‌లో పెట్టిన ఓపెన్ బ్లిట్జ్‌కు పోయాను. హాల్ నిండా పిల్లలు. ఇప్పుడు తెలంగాణలో చెస్ నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ హనుమకొండ అర్జున్ ఎరిగైసి పేరు నోట్లో ఉంటుంది, 2024లో 2800 రేటింగ్ దాటాడు కదా, ఆనంద్ తర్వాత మన దేశంలో అతనే. బోర్డు అవతల కూర్చున్న పిల్లవాడి కాళ్ళు నేలకు ఆనవు, కానీ వాడు గడియారం కొట్టే దెబ్బకు బల్ల అదురుతుంది.

అందులో ఒక ఆటలో నాకు మంత్రి బోర్డు మీదే ఉంది, ఇంకో బంటు చివరి వరుసకు చేరింది. రెండో మంత్రి కావాలి, బల్ల మీద లేదు. చిన్నప్పటి నుంచి చేసే పనే చేశాను, తినేసిన ఏనుగును తలకిందులుగా పెట్టి గడియారం నొక్కాను. రెండు ఎత్తుల తర్వాత దాన్ని ఐమూలగా జరిపాను. అవతలి పిల్లవాడు చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిచాడు. ఆర్బిటర్ అంటే ఆట అంపైర్, ఆయన వచ్చి ప్రశాంతంగా చెప్పాడు, తలకిందులుగా ఉన్నా ఏనుగు ఏనుగే, అది ఐమూలగా జరగడం ఇల్లీగల్ ఎత్తు. పిల్లవాడి గడియారానికి ఒక నిమిషం కలిపారు. ఇంకొకసారి అలాంటిది జరిగితే ఆటే పోతుంది అని కూడా చెప్పారు. మరి మంత్రి ఎక్కడి నుంచి తేవాలి అని అడిగితే, గడియారం ఆపి నన్ను పిలవాలి, నేను తెచ్చిస్తాను అన్నారు. అలా ఆపడానికి రూల్‌లోనే అనుమతి ఉంది. బంటును చివరి గడికి తోసి, దాని బదులు పీసు పెట్టకుండానే గడియారం నొక్కినా ఇల్లీగలే. ఈ రూల్స్ అన్నీ ఆయన సరిగ్గానే చెప్పారు, నాకు కోపం రావడానికి కారణం ఏమీ లేదు, అయినా వచ్చింది. ఆ కోపంలోనే మిగతా ఆట పోయింది. ఇప్పుడు బోర్డు ముందు కూర్చోగానే నేను మొదట చూసేది అదనపు మంత్రి ఉందా లేదా అని, లేకపోతే ఆట మొదలవకముందే అడుగుతాను.

సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ ఈ సంగతి చెబితే మా అక్క కొడుకు నన్ను ఓదార్చాలని, "మామా, డింగ్ లిరెన్ కూడా అట్లనే పోగొట్టుకున్నడు కద" అన్నాడు. వాడు చెప్పింది 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్ గురించి. డ్రా అయ్యే ఎండింగ్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ 55వ ఎత్తుకు ఏనుగును ఎఫ్2లో పెట్టాడు, మన గుకేశ్ ఏనుగులూ బిషప్పులూ మార్పిడి చేసేసి ఒక బంటు ఎక్కువున్న రాజుల ఎండింగ్‌లోకి పోయాడు, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆరోజు మిల్లులో బిల్లులు పక్కన పెట్టి నేను కూడా ఫోన్‌లో అదే చూస్తున్నాను. కానీ వాడి పోలిక సరికాదు. డింగ్‌ది డ్రా పోవడం, అదీ వారాల తరబడి ఆడిన అలసటలో. నాది చేతిలో ఉన్న గెలుపు, కాంటా దగ్గర నిలబడి. నాకు ఓదార్పు కావాలంటే అన్నా ఉషెనినా ఆట ఉంది. 2013లో జెనీవాలో, అప్పుడు ఆమె మహిళల ప్రపంచ ఛాంపియన్, ఓల్గా గిర్యా మీద బిషప్, గుర్రం మిగిలి ఎదుట ఒట్టి రాజు ఉంటే మాట్ చేయలేకపోయింది, 50 ఎత్తులు దాటి డ్రా అయింది. సరిగ్గా ఆడితే ఎక్కడి నుంచైనా 33 ఎత్తుల్లోపు అయ్యే మాట్ అది. సారు దాన్ని కూడా నేర్చుకోమంటారు. నేను నేర్చుకోను. ఇన్నేళ్ళలో నా ఆటలో ఆ పొజిషన్ రాలేదు, అదే సమయం పెట్టి బంటు ఎండింగులు ఇంకో వందసార్లు ఆడుకోవడం మేలని నా అభిప్రాయం. ఈ విషయంలో మా ఇద్దరికీ కుదరలేదు.

ఇప్పుడు నా ఆట ఎలా ఉందంటే, పీసు ఎక్కువ రాగానే పీసులు మార్చుకుంటూ పోతాను, బంట్లు మాత్రం మార్చుకోను, ఎందుకంటే మంత్రి కావాల్సింది అవే. ఎక్కడ మాట్ ఉందా అని వెతకను. ముందున్నాక ఒక్క ఎత్తుకు 5 సెకన్లు దాటితే చేతికి వచ్చిన సాదా ఎత్తు వేసేస్తాను, అది కంప్యూటర్ లెక్కలో నాలుగోదో ఐదోదో అయినా సరే. విశ్లేషణ చూస్తే నా గీత ఇదివరకటంత ఎత్తుకు పోవడం లేదు, ప్లస్ 9 బదులు ప్లస్ 4 దగ్గర చదునుగా నడుస్తుంది, కానీ నిలువునా పడిపోవడం తగ్గింది. రేటింగ్ కొద్దిగా పెరిగింది, ఎగిరి గంతేసేంత కాదు. ఆట చూడటానికి చప్పగా ఉంటోందని మా అక్క కొడుకు అంటాడు, నిజమే.

అన్నీ కుదిరాయని కాదు. మంత్రి ఉండి ఎదుట ఏనుగు ఉంటే ఇప్పటికీ చేతులెత్తేస్తాను. పుస్తకం ప్రకారం అది గెలుపే, కానీ ఏనుగు రాజును అంటిపెట్టుకుని తిరుగుతూ ఉంటే దాన్ని విడదీసే దారి నాకు 10 సెకన్లలో దొరకదు, రాజును పట్టించుకోకుండా ఆడితే ఏనుగు బలిచ్చి స్టేల్‌మేట్ చేసుకుంటారు, ఒకసారి అలాగే అయింది. మంత్రికి ఎదురుగా ఏడో వరుసలో బంటు ఉన్నప్పుడు కూడా అది ఏ బంటో చూసుకోవాలి, మూల బంటు గానీ, సీ, ఎఫ్ బంట్లు గానీ అయితే మన రాజు దూరంగా ఉంటే డ్రానే. మిగతావి గెలవొచ్చు, వాడి రాజును చెక్కులతో బంటు ముందుకు రప్పించి, ఆ దొరికిన వంతులో మన రాజును ఒక్కో అడుగు దగ్గరికి తేవాలి. ఇది వచ్చు, కానీ నిద్రలో లేపి అడిగితే చెప్పేంత రాలేదు ఇంకా.

అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం టెక్నిక్‌ది కాదు, 3+0 మానేయడం. 3+2 ఆడుతున్నాను, ప్రతి ఎత్తుకు 2 సెకన్లు కలుస్తాయి, ప్రపంచ బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్ ఆడేది కూడా అదే లెక్కతో. 2 సెకన్లంటే నవ్వులాటగా ఉంటుంది, కానీ ఏనుగుతో మాట్ చేతికి వచ్చినవాడికి ఆ 2 సెకన్లు చాలు, గడియారం ఇక వాణ్ణి ఏమీ చేయలేదు. 3+0లో గెలిచిన పొజిషన్‌ను వదిలేసి ఒట్టి చెక్కులతో టైమ్ లాగేవాళ్ళను నేను తప్పు పట్టను, ఆ ఆట రూలే అది, నాకు మాత్రం వద్దు. కాంటా దగ్గర ఒక్కోసారి లారీ దిగిపోయినా గేమ్ అవ్వట్లేదు, డ్రైవర్ చిట్టీ కోసం నిలబడి చూస్తుంటాడు, అదొక ఇబ్బంది వచ్చి పడింది. మా అక్క కొడుకు రాత్రి పూట "మామా, 3+0కి రా" అని మెసేజ్ పెడతాడు. నేను 3+2 లింక్ తిరిగి పంపుతాను. కొన్నిసార్లు వస్తాడు, కొన్నిసార్లు "ముసలోళ్ళ ఆట నాకొద్దు" అని రాసి వెళ్ళిపోతాడు.